కొలత నీళ్ళు

2016 మార్చి పద్నాలుగు, సోమవారం. ఆ పొద్దున యాకోబు తిన్నది రాత్రి మిగిలిన సద్దసంగటి, పలచటి మజ్జిగ, నంజుకోవడానికి ఒక ఉల్లిపాయ. భార్య రోశమ్మ ఇంకొంచెం మజ్జిగ పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. సోమవారం బ్యాటరీల రోజు. బండికి ఇరవైనాలుగు చొప్పున రెండు బండ్ల మూతలూ ఎండ ముదరకముందే విప్పి చూడాలి. తర్వాత ఎన్నేళ్ళకైనా ఆ వారం గుర్తొస్తే అతని నాలుకకు ముందుగా తగిలేది ఆ పుల్లటి మజ్జిగే.

మార్కాపురం దాటి గిద్దలూరు రోడ్డున పోతుంటే, పలకల గనుల నుంచి తెచ్చి పోసిన చెత్తరాతి గుట్టల వెనక ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. గేటు దగ్గర ఆటో దిగినవాళ్ళు డయాలసిస్ వార్డుకు చేరాలంటే అర కిలోమీటరు ఎక్కుడు దారి. ఫ్లోరైడు నీళ్ళకు మోకాళ్ళు బిగుసుకుపోయినవాళ్ళు, కిడ్నీలు చెడి కాళ్ళు ఉబ్బినవాళ్ళు ఆ దారిలో మూడుచోట్ల కూలబడి లేచి పోయేవాళ్ళు. అది చూడలేక ఎవరో దాత, హైదరాబాదులో గోల్ఫ్ ఆడే మైదానం నుంచి రెండు పాత బ్యాటరీ బండ్లు ఇప్పించాడు. రాష్ట్రం రెండయి అప్పటికి రెండేళ్ళు కాలేదు. లారీలోంచి బండ్లు దించుతుంటే రాత్రి కాపలా అంకయ్య నడుం మీద చేతులు పెట్టుకొని చూసి, పంపకాల్లో మన వాటాకొచ్చినవి ఇవేనా అని అందరినీ నవ్వించాడు.

ఒకటి పచ్చబండి, ఒకటి తెల్లబండి. ఆటగాళ్ళ కర్రల సంచులు పెట్టుకునే వెనక గూట్లో ఇప్పుడు రోగుల చేతికర్రలు, సెలైన్ స్టాండు ఉంటాయి. పొద్దున పూట పచ్చబండి, మధ్యాహ్నం నుంచి తెల్లబండి నడుపుతాడు యాకోబు. ఒకటి తిరుగుతుంటే ఇంకొకటి, గేటుకు కనిపించేంత దూరంలో ఉన్న షెడ్డులో ఛార్జింగు. హైదరాబాదు నుంచి వచ్చిన మెకానిక్ మూడు రోజులుండి పని నేర్పించి పోయాడు. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకో చుక్క పోయకూడదు. ఛార్జింగు అయ్యాకే పోయాలి, ముందు పోస్తే ఛార్జింగులో ఆసిడ్ పొంగి మూతల్లోంచి బయటికొస్తుంది. ఛార్జింగులో పుట్టే గాలి నిప్పు తగిలితే పేలుతుంది కాబట్టి షెడ్డు కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచాలి. ఈ మూడింటినీ యాకోబు ఆదివారం ప్రార్థన ఎంత శ్రద్ధగా చేస్తాడో అంత శ్రద్ధగా పాటించాడు.

ఆ పొద్దున పచ్చబండి సీటు ఎత్తగానే పుల్లటి వాసన ముక్కుకు తగిలింది. మూతల చుట్టూ తడి. వైరు బిగించే చోట తెల్లగా, పచ్చగా పూత పూసి ఉంది. ఇనుప తట్ట అంచులు తుప్పుకు పొరలు లేస్తున్నాయి. మూత విప్పి, ఆసిడ్ బలం కొలిచే గాజు గొట్టం ముంచి పీల్చాడు. గొట్టంలో తేలాల్సిన బుడ్డి సగానికి మునిగింది. ఇంకో మూత, ఇంకో మూత. ఆరు బ్యాటరీల్లో మూడు చచ్చినట్టే ఉన్నాయి. మిగిలిన మూడూ బాగానే ఉన్నా నీరసపడ్డాయి.

అతనికి అప్పుడు ఒక సంగతి తట్టింది. ఎండలు ముదిరేకొద్దీ బ్యాటరీలకు దాహం పెరుగుతుంది. తెల్లబండి వారం వారం నీళ్ళు తాగుతూనే ఉంది. పచ్చబండి మాత్రం నెల పైనుంచి చుక్క అడగలేదు. ఏ సోమవారం చూసినా నిండుగానే కనిపించింది. ఎందుకని ఆలోచించకపోగా, బంగారమంటి బండి అని మురిసిపోయాడు.

గుడ్డతో తుడిచి, వంటసోడా నీళ్ళతో పూత కడిగి, వైర్లు బిగించి, భయపడుతూనే గేటు దగ్గరికి తోలాడు.

రాచర్ల నుంచి వచ్చే ఆటోలో పెద్దయ్య, అతని భార్య పుల్లమ్మ దిగారు. పెద్దయ్య గొర్రెల కాపరి. నలభై ఏళ్ళు మందల వెంట తిరిగిన కాళ్ళు ఇప్పుడు ఆటో మెట్టు దిగడానికి మనిషి సాయం అడుగుతున్నాయి. సోమవారం, గురువారం అతనికి డయాలసిస్. పుల్లమ్మ భుజాన గుడ్డసంచి, చేతిలో రెండు లీటర్ల నీళ్ళ సీసా.

దారి సగంలో, ఎక్కుడు మొదలైన చోట, పచ్చబండి ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

యాకోబు దిగి వెనక నుంచి నెట్టాడు. పుల్లమ్మ కూడా దిగి, చీర చెంగు నడుముకు దోపి భుజం ఆనించింది. ఆ చెంగు నిండా చిన్న చిన్న రంధ్రాలు. చిమ్మటలు కొట్టినట్టున్నాయి అనుకున్నాడు.

పెద్దయ్య సీట్లో కూర్చునే వెనక్కి తిరిగి అడిగాడు. "ఈ బండ్లమీద దొరలు బంతి వెతుక్కుంటా తిరుగుతారంటివే?"

"అవు బావా."

"నా గొర్రె తప్పిపోతే నేను కాలినడకనే పోయినా. దొరికింది."

పుల్లమ్మ నవ్వు ఆపుకోలేక నెట్టడం ఆపేసింది. యాకోబుకు నవ్వు రాలేదు. స్టోర్సు చూసే కాటమరాజు వరండాలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

పదకొండింటికల్లా ఆసుపత్రి పరిపాలన చూసే ఏఓ మేడం గదిలోకి పిలుపు వచ్చింది. లక్ష్మీనరసమ్మ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఫైలు మూసి, కళ్ళజోడు తీసి, ఏమయిందని అడిగింది. కాటమరాజు అప్పటికే అక్కడ ఉన్నాడు. యాకోబు పెట్టిన ఛార్జింగు చూసుకోడని, బ్యాటరీలు ఉడికిపోయి ఉంటాయని చెప్పాడు. ఈ గోల్ఫు బ్యాటరీలు మనకు మోయలేని బరువని, నాలుగు లారీ బ్యాటరీలు వేస్తే సగం ఖర్చుతో అదే నలభైఎనిమిది వోల్టులు వస్తాయని, తనకు తెలిసిన దుకాణం ఉందని, బండి తోలడానికి మనిషి కూడా ఉన్నాడని ఒక కాగితం బల్ల మీద పెట్టాడు.

బండి తాళాలు తన చేతి నుంచి పోతాయని యాకోబుకు అర్థమయింది. యాభై రెండేళ్ళ వయసులో, గచ్చు కడిగే పని నుంచి ఈ బండ్ల దాకా వచ్చాడు. ఇప్పుడు గేటు దగ్గర అతని కోసం ఎదురుచూసే మనుషులున్నారు.

ఛార్జరు దానంతటదే ఆగుతుందని, తప్పు ఛార్జింగుది కాదని, ఎవరో పైనీళ్ళు పోశారని చెప్పాడు. ఎవరని మేడం అడిగింది. రెండు వారాల కింద సాయంత్రం తెల్లబండి తెచ్చి పెట్టేటప్పుడు, పచ్చబండి పక్కన చేతిలో మగ్గుతో అంకయ్య కనిపించిన మాట చెప్పాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. చూసింది మాత్రమే చెప్పాడు. ఆ గదిలో ఆ మాట చాలిపోయింది.

అంకయ్యను ఇంటి నుంచి పిలిపించారు. మగ్గుతో గచ్చు కడిగానన్నాడు. ఎందుకు కడిగావంటే, మురికిగా ఉంటే కడిగానన్నాడు. అప్పుడు ఒకసారి యాకోబు వైపు చూశాడు. కోపంగా కాదు, ఏదో చెప్తావని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. యాకోబు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. విషయం తేలేదాకా డ్యూటీకి రావద్దని మేడం చెప్పింది. అంకయ్య టార్చిలైటు, ఈల బల్ల మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు.

మంగళ, బుధవారాలు తెల్లబండి ఒక్కటే తిరిగింది. యాకోబు పచ్చబండి సీటు కింద బ్యాటరీలు విడదీసి, ఒక్కొక్కదానికి విడిగా మీటరు పెట్టి చూశాడు. రాత్రి కాపలాకు గేటు మనిషినే పెట్టారు. అతను షెడ్డు వైపు రాడు.

అంకయ్యకు తలుపు మెల్లగా వేయడం చేతకాదు. రేకు తలుపును ఒక్క తోపు తోసేవాడు. ఆ చప్పుడుకు వార్డులో పిల్లలు లేస్తారని యాకోబు, చప్పుడు చేస్తే దొంగలు పోతారని అంకయ్య, ఏడాదిగా రోజూ అదే తగువు. "నీ పెండ్లానికి కూడా ఇంత సేవ చేయవు గదరా అల్లుడా," అని ముఖానే అనేవాడు. ఆ రెండు సాయంత్రాలు తలుపు తనే వేసుకుంటుంటే యాకోబు చేతికి ఏదో వెలితిగా తోచింది.

కాటమరాజు మధ్యలో ఒకసారి షెడ్డుకు వచ్చి, బ్యాటరీ అంటే బ్యాటరీయే గదా, దీంట్లో నీకు మాత్రమే తెలిసిన రహస్యం ఏముందన్నాడు. యాకోబు నిదానంగానే చెప్పాడు. "లారీ బ్యాటరీ పొద్దున ఒక్క తన్ను తన్ని ఇంజను లేపి ఊరుకుంటాది సార్. తర్వాత దానికి పనిల్యా. దీనికి పొద్దస్తమానం కాడి మోసేది కావాల. లోపలి పలకలు మందంగా ఉండాల. లారీది ఏస్తే ఆర్నెల్లు తిరగదు." కాటమరాజు, అయితే ఇవి మాత్రం ఏడాది తిరిగినాయా అని అడిగి వెళ్ళిపోయాడు. యాకోబు మళ్ళీ మీటరు అందుకున్నాడు.

గురువారం పెద్దయ్యను తెల్లబండిలో వార్డుకు చేర్చాడు. పచ్చబండి ఏదని పుల్లమ్మ అడిగితే, దానికి ఒంట్లో బాగాలేదన్నాడు. మధ్యాహ్నం క్యాంటీను దాకా పోయాక టిఫిన్ డబ్బా షెడ్డులోనే మర్చిపోయినట్టు గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. తలుపు తెరిచే ఉంది. పగలు గాలి కోసం అతనే తెరిచి పెట్టి పోతాడు.

పచ్చబండి సీటు ఎత్తి ఉంది. పుల్లమ్మ దాని మీదికి వంగి, స్టీలు గ్లాసుతో ఒక్కొక్క మూత విప్పి నీళ్ళు పోస్తోంది. పసిబిడ్డకు ఉగ్గు పట్టినట్టు, చుక్క కింద పడకుండా పోస్తోంది.

"ఏం చేస్తా ఉండావక్కా?"

ఆమె ఉలిక్కిపడలేదు. దొంగచాటు పని చేసే మనిషి తత్తరపాటు ఆ ముఖంలో లేదు. "వచ్చినావా తమ్ముడూ. నువ్వే అంటివి గదా, నీళ్ళు లేకపోతే ఇవి చచ్చిపోతాయని. ఒంట్లో బాగాలేదంటివని ఇంకో గ్లాసు ఎక్కువ పోస్తా ఉండా."

"ఏం నీళ్ళు ఇవి?"

"క్యాను నీళ్ళు. బోరు నీళ్ళు పోస్తానా ఏంది? ప్లాంటు కాడ పట్టుకొచ్చినవి. మేం తాగేటివే."

యాకోబు గడపలోనే కూర్చుండిపోయాడు. ఆ ప్రాంతంలో బోరు నీళ్ళు ఎముకలు వంచుతాయి. అందుకే రెండు రూపాయలిచ్చి ప్లాంటు నీళ్ళు మోసుకొచ్చుకునే మనుషులకు, క్యాను నీళ్ళకు మించిన శుద్ధి ఈ భూమ్మీద లేదు. ఉన్నదాంట్లో మంచిది తెచ్చి పోసింది.

మెల్లగా అడిగి తెలుసుకున్నాడు. ఆరేడు వారాలుగా, వచ్చిన ప్రతిసారీ పోస్తోంది. పెద్దయ్యకు రోజు మొత్తానికి డాక్టరు చెప్పింది నాలుగు గ్లాసులు. సీసా నిండా తెచ్చినా సగం మిగిలిపోతుంది. తన మొగుణ్ణి ఎత్తు మీదికి మోసే బండికి ఆ మిగిలింది పోస్తే తప్పేమని అనుకుంది. యాకోబు అన్నానికి పోయే వేళ చూసి, అతనికి ఒక పని తప్పిద్దామని తనే పోసేది. అతను వచ్చి చూడకుండా ఛార్జింగు పెట్టేవాడు. నిండిన నీళ్ళు మధ్యాహ్నమంతా పొంగేవి. చీర చెంగుకు పడిన రంధ్రాలు చిమ్మటలవి కావు, ఆసిడ్ తుంపరలవి.

అతని ముఖం చూసి పుల్లమ్మ గ్లాసు కింద పెట్టింది. "నేనే చెడగొట్టినానా తమ్ముడూ?"

అవునంటే ఆమె ఇక ఈ బండి ఎక్కదు. మొగుణ్ణి భుజాన వేసుకుని నడిపిస్తుంది. కాదంటే రేపు మళ్ళీ పోస్తుంది. యాకోబు లేచి ఆమె చేతులు సోడా నీళ్ళతో కడిగించాడు. వేళ్ళ సందుల్లో తోలు ఎర్రగా కందిపోయి ఉంది.

"వీటికి కూడా బావకు మాదిరే అక్కా. కొలత ఉండాది. కొలత దాటితే ఉబ్బుతాయి."

పుల్లమ్మ తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. పోయిన ఎండాకాలం పెద్దయ్య రాత్రంతా నీళ్ళు నీళ్ళని ఏడిస్తే, ప్రాణం ఒప్పక రెండు గ్లాసులు ఎక్కువ ఇచ్చిందట. తెల్లారేసరికి ముఖం గుర్తుపట్టలేనట్టు ఉబ్బి, ఊపిరాడక ఆంబులెన్సులో వచ్చారట. "అప్పుడూ నేనే పోసినా," అంది. ఆమె చేతులు ఇంకా నీళ్ళ బకెట్టులోనే ఉన్నాయి.

సాయంత్రం యాకోబు మేడం గదికి పోయి, అంకయ్య తప్పు లేదని చెప్పాడు. మరి ఎవరని ఆమె అడిగింది. పేరు చెప్పలేనన్నాడు.

"పేరు చెప్పకపోతే నీ పేరే రాయాల్సి వస్తుంది యాకోబూ."

"రాయండి మేడం. తలుపు తెరిచి పెట్టింది నేనే. సీటుకు తాళం ఎయ్యనిది నేనే. నీళ్ళు తగ్గట్లేదని తెలిసీ ఎందుకని చూడనిది నేనే. అంకయ్య మామ మాట చెప్పిందీ నేనే."

మేడం తెల్ల కాగితం మీద మెమో రాసింది. యాకోబు చదవకుండానే సంతకం పెట్టాడు. పచ్చబండి తాళం ఆమె సొరుగులో వేసింది. ఇక నుంచి ఉన్నది ఒక్క బండే, అది ఛార్జింగులో ఉన్న పూట చక్రాల కుర్చీ నెట్టాలి. కాటమరాజు ఇచ్చిన కాగితం ఇంకా బల్ల అద్దం కిందే ఉంది. నీ మాట మీద ఇప్పుడు అంత ఖర్చు పెట్టమంటావా అని అడిగింది.

"నా మీద కోపం బ్యాటరీల మీద చూపొద్దు మేడం. లారీవి ఏస్తే మళ్ళీ దారిలో ఆగేది రోగులే. మారిస్తే ఆరూ ఒకేసారి మార్చాల, కొత్తవాటి పక్కన పాతవి పెడితే పాతవి కొత్తవాటిని గుంజుకుంటాయి. కొత్తవి దొరికేదాకా పచ్చబండిలో బాగున్న మూడూ పక్కకు తీసిపెడతా. రెండు బండ్లవీ ఒక వయసువే, తెల్లబండిలో ఏదైనా పోతే వాటితో నెట్టుకొస్తా."

ఆమె కాగితం తీసి, చింపలేదు, సంతకమూ పెట్టలేదు. ఫైలు అడుగున పెట్టింది. "అంకయ్యను రమ్మని నువ్వే పోయి చెప్పు," అంది.

అంకయ్య కాలనీ ఇంటి ముందు మంచం మీద కూర్చుని, అరికాలుకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. యాకోబును చూసి కాలు కిందికి దించుకున్నాడు గానీ కూర్చోమనలేదు. యాకోబు నిలబడే అంతా చెప్పాడు. పుల్లమ్మ పేరు ఇక్కడ మాత్రం దాచలేదు.

"మగ్గు పట్టుకుంటే దొంగనయినా గదరా."

"తప్పే మామా."

"ముందే నన్ను అడిగుంటే చెప్పేవాణ్ణి. నువ్వు అడగలా."

"కాలికేమయింది?"

అంకయ్య అరికాలు తిప్పి చూపించాడు. వారానికి రెండు సాయంత్రాలు డ్యూటీకి వచ్చేసరికి పచ్చబండి కింద గచ్చు మీద ఆసిడ్ కారి ఉండేదని, మొదటిసారి తెలీక తొక్కి అరికాలు బొబ్బలెక్కిందని, ఇంకా మానలేదని చెప్పాడు. అప్పటి నుంచి ఆ రెండు రోజులూ ఒక గంట ముందే వచ్చి కడిగేవాడట.

"నాకు చెప్పొచ్చు గదా మామా."

"చెప్తే? నువ్వు నీళ్ళు ఎక్కువ పోసి పాడు చేస్తా ఉండావనుకుంటి. వయసు మీద పడె, చూపు ఆనలేదేమో అనుకుంటి. ఆ కాటమరాజు కంట్లో పడితే నీ తాళాలు గుంజుకుంటారని, నువ్వు వచ్చేలోపల కడిగేస్తా ఉంటి. మొన్న మేడం ముందర నోరు తెరిస్తే నీ పని పోతాది. అందుకే మురికి అంటి."

యాకోబు మంచం పట్టె మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అంకయ్య నూనె గిన్నె పక్కకు జరిపి, మంచం మీద చోటిచ్చాడు.

ఆ తర్వాతి సోమవారం పొద్దున, తెల్లబండి ఛార్జరు పచ్చదీపం వెలిగాక, యాకోబు మూతలు విప్పి ఆటో కోసం చూస్తూ ఉన్నాడు. ఆటో రాగానే పెద్దయ్యను షెడ్డు ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, పుల్లమ్మకు కళ్ళద్దాలు పెట్టి, రబ్బరు తొడుగులు వేయించి, డిస్టిల్డ్ వాటర్ డబ్బా, గరాటా చేతికిచ్చాడు. ఆమె వెనక్కి జరిగింది. నేను పోయను అంది.

"నువ్వే పొయ్యాల. నేను టార్చి పడతా."

ఆమె పోసింది. పలకలు మునిగి, మూత కింది గొట్టం అంచు ఇంకా వేలెడు దూరం ఉండగానే అతను చాలన్నాడు. రెండో మూతకు అతను చెప్పకముందే ఆగింది. ఆరో బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి అతని టార్చి కంటే ముందే గరాటా తర్వాతి మూత మీదికి పోతోంది. డబ్బాలో మిగిలిన నీళ్ళను వాసన చూసి, దీనికి రుచేం లేదా అని అడిగింది. లేదన్నాడు. పాపం అంది.

బెంచీ మీంచి పెద్దయ్య, "దానికి పోసింది చాల్లే, నా గ్లాసు ఏది?" అన్నాడు. పుల్లమ్మ కొలత గ్లాసులో సగం పోసి ఇచ్చింది. అతను గుక్క గుక్కగా, కళ్ళు మూసుకుని తాగాడు.

ఆ రోజు మధ్యాహ్నం మూడు రౌండ్లు యాకోబు చక్రాల కుర్చీ నెట్టాడు. ఎక్కుడులో కాళ్ళు లాగాయి. పొద్దు గూకేవేళకు తెల్లబండిని షెడ్డులో పెట్టి, ఛార్జరు తగిలించి, ఎర్రదీపం వెలిగిందాకా నిలబడ్డాడు. పక్కన పచ్చబండి సీటు ఎత్తే ఉంది. మూడు బ్యాటరీలు తీసిన చోటు ఖాళీగా కనిపిస్తోంది.

అంకయ్య టార్చిలైటు, ఈల మెడలో వేసుకుని వచ్చాడు. కాళ్ళకు కొత్త చెప్పులు ఉన్నాయి. వంగి పచ్చబండి కింద గచ్చు మీద చేత్తో తడిమి చూసుకున్నాడు. పొడిగా ఉంది. చెయ్యి పంచెకు తుడుచుకుని, కిటికీ రెక్క గాలికి మూసుకోకుండా ఒక పలకరాయి ముక్క అడ్డం పెట్టాడు.

"పోరా అల్లుడా, పొద్దుపోయింది. రోశమ్మ చూస్తా ఉంటాది."

యాకోబు సైకిలు నెట్టుకుంటూ గేటు దాకా వచ్చాడు. రోజూ ఈ వేళకు వెనక నుంచి రేకు తలుపు ధడాలున మోగేది. ఆగి విన్నాడు. ఏ చప్పుడూ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే, అంకయ్య తలుపును రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లగా, చప్పుడు కాకుండా దగ్గరికి వేస్తున్నాడు.